నాలుగో ఎంపిక

ఆయన పోయిన వారంలో ఆయన జట్టు గెలిచింది.

గురువారం మధ్యాహ్నం కంపెనీ స్టోర్స్‌లో కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. ఆ వారం ఆడించాల్సిన ఆటగాళ్లను ముందు రోజే ఫోన్‌లో సర్ది పెట్టుకున్నారు. ఆదివారం అమెరికాలో వాళ్లంతా మైదానంలోకి దిగి బాగానే ఆడారు. ఆయన చేతిలో ఓడిపోయింది కువైట్‌లోనే రిగ్గైలో ఉండే ఆయన స్నేహితుడు, జగిత్యాల మనిషి. ఆ రోజు అతను మా ఆయన్ని ఇంటికి పంపే కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు. ఓడిన సంగతి నాతో అనలేదు. చాలా రోజుల తర్వాత నేనే చూసుకున్నాను.

తర్వాతి వారాల్లో జట్టు ఓడుతూ వచ్చింది. ఆటగాళ్లను మార్చేవాళ్లు లేరు. కాలు విరిగి ఆసుపత్రిలో ఉన్నవాడు కూడా మా జట్టులో ఆడుతున్నట్టే లెక్క. వారం వారం సున్నా తెచ్చేవాడు.

ఈ ఆట ఏమిటో చెప్పాలి. మా ఆయన పనిచేసిన కంపెనీ అమెరికా వాళ్ల శిబిరాలకు తిండి సామాన్లు అందించేది. అక్కడ ఒక అమెరికన్ మేనేజరు ఉండేవాడు. అతనికి సెలవు రోజుల్లో తోచక, కింద పనిచేసేవాళ్లను పోగేసి తమ దేశపు ఫుట్‌బాల్ మీద ఒక లీగ్ పెట్టించాడు. మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే ఆట. లీగ్‌లో ఉన్నవాళ్లు ఆడనక్కర్లేదు, చూడనక్కర్లేదు కూడా. నిజంగా ఆడేవాళ్లలో కొందరిని ఫోన్‌లో మన జట్టుగా ఎంచుకోవాలి. వాళ్లు అక్కడ ఎంత బాగా ఆడితే ఇక్కడ మనకు అన్ని పాయింట్లు. వారం వారం ఇద్దరిద్దరికి పోటీ, ఎక్కువ పాయింట్లు వచ్చినవాడు గెలిచినట్టు. ఏడాది కాగానే అందరినీ వదిలేసి మళ్లీ మొదలుపెట్టే పద్ధతి ఒకటి ఉందట. వీళ్లది అది కాదు. ఒకసారి ఎంచుకున్నవాడు మనం వదిలేదాకానో, అతను ఆట మానేదాకానో మన దగ్గరే ఉంటాడు. ఏటా కొత్తగా ఆటలోకి వచ్చే కుర్రాళ్లను మాత్రం అందరూ ఒకచోట కూర్చుని వంతులవారీగా పంచుకుంటారు. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. ఇలాంటి లీగ్‌ను డైనస్టీ లీగ్ అంటారు. డైనస్టీ అంటే రాజవంశం.

ఆ మేనేజరు రెండేళ్లకు వెళ్లిపోయాడు. లీగ్ మిగిలిపోయింది. ఆరు జట్లు, ఆరుగురు యజమానులు. ఒక్కరు కూడా ఒక్క మ్యాచ్ పూర్తిగా చూసినవాళ్లు కారు. తెల్లవారి కంపెనీ బస్సులో ఫోన్లు తెరిచి ఎవరికి ఎన్ని పాయింట్లు వచ్చాయో చూసుకునేవాళ్లు. తన ఆటగాళ్లు ఎదురుపడితే గుర్తుపడతారా అని మా ఆయన్ని ఒకసారి అడిగాను. "హెల్మెట్లు ఉంటాయి కదా" అన్నారు.

కర్మలు అయ్యాక నేను కువైట్‌కు తిరిగి వచ్చాను. ఇక్కడ ఒక బడిలో లైబ్రరీ చూస్తాను. మా అమ్మాయి బెంగళూరులో చదువుతోంది, దాని చదువు పూర్తికావాలి. అబూ హలీఫాలో అదే ఫ్లాట్‌లో ఉన్నాను. వచ్చినప్పటి నుంచి అందరూ నాతో గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు. బడిలో పిల్లలకు కూడా ఎవరో చెప్పినట్టున్నారు, పుస్తకాలు చప్పుడు కాకుండా తిరిగి ఇచ్చేవాళ్లు. కింద కూరగాయల కొట్టతను కొత్తిమీర కావాలా అని చెవిలో చెప్పినట్టు అడిగేవాడు. ఫోన్‌కు వచ్చిన సందేశాల్లో ఆయన తార అయ్యారు, దీపం అయ్యారు. సాగరమంత మనసు అని కంపెనీ వాళ్ల బ్యానర్ మీద రాశారు. ఆయనది సాగరమంత మనసేమీ కాదు. మామూలు మనసు. నాకు సరిపోయేది.

ఎండలు ముదిరాక జగిత్యాల అన్న ఫోన్ చేశాడు. లీగ్ పెద్ద ఇప్పుడు అతనే. పేర్లు ఎక్కించడం, తీసెయ్యడం, తగువులు తీర్చడం అతని చేతిలో ఉంటాయి. రాజవంశమని పేరు పెట్టుకున్న ఆటలో యజమాని పోతే జట్టు ఎవరిదో చెప్పే నిబంధన లేదట. అందరూ కూర్చుని ఒక మాట అనుకున్నారట.

"అన్న టీమును ఎవ్వలం ముట్టుకోం వదినా. అట్లనే పెడ్తం. అన్న పేరు గట్లనే ఉంటది."

"అంటే ఫోటోకు దండ వేసి పెట్టినట్టా అన్నా?"

"గంతే గదా వదినా" అన్నాడు, నేను మెచ్చుకున్నాననుకుని.

నేను ఆలోచించాను. ఆటగాళ్లు ముసలివాళ్లవుతారు, ఒక్కొక్కరే ఆట మానేస్తారు. కొన్నేళ్లకు ఆ జట్టులో ఎవరూ ఉండరు. అయినా లీగ్‌లో ఉంటుంది కాబట్టి వారం వారం ఎవరో ఒకరు దాని మీద గెలుస్తూ ఉంటారు. దాని మీద ఆయన పేరుంటుంది. ఆయన చొక్కాలు బీరువాలో ఉన్నాయి, వాచీ సొరుగులో ఉంది, అవి ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆయన వదిలి వెళ్లినవాటిలో ఇంకా జరుగుతున్నది ఈ జట్టు ఒక్కటే. దాన్ని కూడా ఆపుతామంటున్నారు.

"డ్రాఫ్ట్‌కు నేను వస్తానన్నా. జట్టు నేను చూసుకుంటా" అన్నాను.

"నీకెందుకు వదినా ఈ తిప్పలు" అన్నాడు. ఆ తర్వాత, "సరే, రా. శుక్రవారం పొద్దుగాల. తిని పోదువు" అన్నాడు.

డ్రాఫ్ట్‌కు ముందు వారమంతా కొత్త కుర్రాళ్ల గురించి చదివాను. చదవడం నాకు అలవాటైన పని. ఎత్తు ఎంత, బరువు ఎంత, నలభై గజాలు ఎన్ని సెకన్లలో పరిగెత్తాడు, ఏ మోకాలికి ఎప్పుడు శస్త్రచికిత్స అయింది. ఆ ఏడు నేను చదివినవాటిలో అంత శుభ్రమైన రాత మరొకటి లేదు. ఒక్కడి దగ్గర మాత్రం రాసేవాళ్లందరూ అదుపు తప్పారు. బంతి పట్టుకుని పరిగెత్తే కుర్రాడు. తరానికొక్కడు అన్నారు, మెరుపు అన్నారు. ప్రతి పట్టికలోనూ మొదటి పేరు అతనిదే. ఆయన ఉన్నన్నాళ్లు గెలిచినవాటి పుణ్యాన మాకు నాలుగో వంతు. పోయిన ఏడు ఆఖరున వచ్చినవాళ్లు ముందు ఎంచుకోవాలి కాబట్టి నా ముందు ముగ్గురున్నారు. అతను నాదాకా రాడని తెలుసు. అతని గురించి ఎక్కువ చదవలేదు.

శుక్రవారం పొద్దున రిగ్గైలో జగిత్యాల అన్న ఇంటికి వెళ్లేసరికి హాల్లో లాప్‌టాప్‌ను టీవీకి తగిలించి పెట్టారు. నేను రాగానే అందరూ లేచి నిలబడ్డారు. ఉన్నది నలుగురు. జగిత్యాల అన్న. అకౌంట్స్‌లో పనిచేసే గోదావరి అన్నగారు, వయసులో అందరికంటే పెద్ద. మా ఊరి వైపువాడు, కంపెనీ బండి నడిపే కడప తమ్ముడు. కంప్యూటర్లు బాగుచేసే ఫిలిప్పీన్స్ ఆయన. ఇతనికి ముక్కలు ముక్కలుగా హిందీ, అరబ్బీ వచ్చు. తెలుగులో "తిన్నావా" ఒక్కటే వచ్చు. అది అడిగాడు. తిన్నానన్నాను. ఆరో జట్టాయన ఉద్యోగం మానేసి రాజంపేట వెళ్లిపోయి అక్కడి నుంచే ఆడుతున్నాడు. ఫోన్‌లో వీడియో కాల్ పెట్టి, ఆ ఫోన్‌ను చట్నీ గిన్నెకు ఆనించారు.

గోడ మీద కరీంనగర్ నుంచి తెచ్చిన క్యాలెండర్ ఉంది. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. ఆ సమయంలో ఆటగాణ్ణి ఎంచుకుంటే దెబ్బ తగులుతుందని వాళ్లకు గట్టి నమ్మకం. ఒకసారి ఎంచుకున్నారట, తగిలిందట. అందుకని మొదటి విడత పదిన్నరలోపు, రెండో విడత పన్నెండు దాటాక. క్యాలెండర్ ఇండియా టైముది కదా, రాహువు ఏ దేశపు గడియారం చూసుకుంటాడని మా ఆయన ఒక ఏడు సందేహం లేవదీశారట. ఓటింగ్ పెట్టి కువైట్ టైమే అని తీర్మానించారు.

నాకు కుర్చీ వెయ్యడం, ఫ్యాను తిప్పడం, టీ ఇవ్వడం అయ్యేసరికి పది దాటింది. వంతుకు ఐదు నిమిషాలు. అది దాటితే యాప్ తనంతట తనే ఎవర్నో ఒకర్ని మన నెత్తిన పెడుతుంది.

మొదటి వంతు గోదావరి అన్నగారిది. తెర మీద ఆ మెరుపు కుర్రాడి పేరు అన్నిటికంటే పైన ఉంది. ఆయన దానివైపు చాలాసేపు చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. రెండో పేరు మీద నొక్కాడు. కడప తమ్ముడు మూడో పేరు మీద నొక్కాడు. జగిత్యాల అన్న ఇంకా కిందికి వెళ్లి ఎవరినో తీసుకున్నాడు. ఆ పేరు పలకడానికి రెండుసార్లు ప్రయత్నించి మానేశాడు.

నా వంతు వచ్చింది. పై పేరు అక్కడే ఉంది.

ఇన్నేళ్ల నుంచి ఆడుతున్నవాళ్లు ముగ్గురు. ముగ్గురూ వద్దన్నారు.

"ఈ అబ్బాయికి ఏమన్నా దెబ్బ తగిలిందా?" అని అడిగాను.

కడప తమ్ముడు ఫోన్ చూసుకున్నాడు. జగిత్యాల అన్న చట్నీ వైపు చూస్తున్నాడు.

"మోకాలా?"

"మీ ఇష్టమండి చెల్లెమ్మగారూ" అన్నాడు గోదావరి అన్నగారు, చాలా మెల్లగా. "మీకెవరు నచ్చితే వాళ్లనే తీసుకోండి. మీ ఇష్టం."

కొట్టువాడు మీ ఇష్టం అన్న వంకాయలు నేనెప్పుడూ కొనలేదు.

"తీస్కో అక్కా, టైమైపోతాంది" అన్నాడు కడప తమ్ముడు. ఎవరిని తీసుకోవాలో చెప్పలేదు.

నేను ఇంటి దగ్గర అనుకున్నవాణ్ణే తీసుకున్నాను. బంతి విసిరితే పట్టుకునేవాడు. అతని గురించి రాసినదాంట్లో పొగడ్త ఒక్కటి లేదు. నిలబడమన్న చోట నిలబడతాడు, చేతికి వచ్చిన బంతి వదలడు అని మాత్రం ఉంది.

ఒకరిని తీసుకుంటే ఒకరిని వదలాలి. యాప్ ఎవరిని అని అడిగింది. బంతిని కాలితో తన్నడం ఒక్కటే పనిగా ఉన్నవాడు మా జట్టులో ఒకడున్నాడు. నలభై దాటింది. మొదటి ఏడాది నుంచి మా ఆయన ఉంచుకున్నారు. "పిలిస్తే వస్తాడు, తంతాడు, పోయి కూర్చుంటాడు. ఇంకేం కావాలి" అనేవారు. పోయిన ఏడు అతను తన్నినవాటిలో సగం పక్కకు పోయాయి. ఆయన ఉంటే ఈ ఏడు కూడా ఉంచేవారు. నేను అతని పేరు మీద నొక్కాను.

"అన్న కికర్‌నా?" అన్నాడు జగిత్యాల అన్న.

"నలభై దాటిందన్నా" అన్నాను.

అతను ఆ మాటకు జవాబు చెప్పేలోపే పక్కనుంచి పెద్ద కేక వినిపించింది. ఐదో వంతు ఫిలిప్పీన్స్ ఆయనది. అతను కుర్చీలోంచి లేచి నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, "ఖలాస్! మేరా! మేరా!" అంటున్నాడు. తెర మీద అన్నిటికంటే పైనున్న పేరు లేదు.

"అరే, ఏంది? నువ్వెట్ల తీస్కుంటవ్?" జగిత్యాల అన్న గొంతు ఫ్లాట్ బయటికి కూడా వినపడి ఉంటుంది. "నీకెవడు చెప్పిండు తీస్కొమ్మని? వదినా! ఏంది వదినా ఇది! నీ కోసమే గద వదిలిపెట్టినం!"

"నా కోసమా?"

"మరి ఎవలకోసం? ముగ్గురం వదిలినం. మా ఇంటామెకు గూడ తెలుసు, వాడు ఎంత మంచోడో!"

"ఏందక్కా ఇట్ల జేస్తివి" అన్నాడు కడప తమ్ముడు. తల పట్టుకున్నాడు. "బంగారట్లాటోణ్ణి నీ ముందర పెడితే, పక్కనోణ్ణి పట్టుకుంటివే."

గోదావరి అన్నగారు అందరికంటే ఆలస్యంగా అందుకున్నాడు. కానీ అందుకున్నాక ఆపడం కష్టమైంది. "అదేంటండీ బాబూ! నేను ఆఖరున వస్తే వచ్చిన మొదటి ఎంపిక అండీ అది. సంవత్సరమంతా ఓడిపోతేనే వచ్చింది. మా ఆవిడకి కూడా చెప్పలేదు, వదిలేస్తున్నానని. గుండె రాయి చేసుకుని వదిలానండి. ఎవరికండీ? ఈయనకా?"

ఈయన అంటే ఫిలిప్పీన్స్ ఆయన. అతను ఇంకా చేతులు పైకెత్తే ఉన్నాడు, ఎందుకు అరుస్తున్నారో తెలియక కొంచెం కిందికి దించాడు.

సంగతి అప్పుడు బయటపడింది. ముందు రోజు సాయంత్రం కంపెనీ బస్సులో ముగ్గురూ మాట్లాడుకున్నారు. వదినకు నాలుగో వంతు కాబట్టి మనం ముగ్గురం వాణ్ణి వదిలేద్దాం, ఆమెకు చేరతాడు. నాకు చెప్పకూడదని కూడా అనుకున్నారు. చెబితే ఇచ్చినట్టు ఉంటుంది, చెప్పకపోతే వచ్చినట్టు ఉంటుంది. ఫిలిప్పీన్స్ ఆయన పక్క సీట్లోనే కూర్చుని ఉన్నాడు. మాటలన్నీ తెలుగులో జరిగాయి.

"నేను అడిగితినే, దెబ్బ తగిలిందా అని. ఒక్కరన్నా నోరు తెరిచినారా?" అన్నాను.

"ఎట్ల తెరుస్తం వదినా? తెరిస్తే తెలుస్తది గదా!"

"ముగ్గురు వద్దన్నోడు పనికిరాడనుకుంటి."

"గింత చదువుకున్నవ్, గది గూడ తెల్వలే?" అన్నాడు జగిత్యాల అన్న. ఇన్ని నెలల్లో నా మీద ఒక మనిషి గట్టిగా కోప్పడటం ఇదే మొదలు. అతని భార్య వంటింటి గుమ్మంలోంచి, "ఏందయ్యా, ఆమె మీద అరుస్తున్నవ్" అంది. అతను ఆగలేదు. "అరవకుంటె ఏం జేస్త? ఏడాదంత ఈ ఫిలిప్పీనోని చేతుల సావాలె ఇగ!"

కడప తమ్ముడు హిందీలో ఫిలిప్పీన్స్ ఆయనకు విషయం చెప్పాడు. అతను మొత్తం విన్నాడు. ముఖం మారింది. గుండె మీద చెయ్యి పెట్టుకుని, "ఓకే, ఓకే. మేడమ్ కో దో" అన్నాడు. ఇవ్వాలని ఉంది, ఇవ్వాలని లేదు. రెండూ ఒకేసారి కనపడ్డాయి.

"అయిపాయె" అన్నాడు జగిత్యాల అన్న. అతని గొంతు మళ్లీ తగ్గింది. "నా చేతుల ఉన్నది వదినా. రెండు ఎంపికలు ఎనక్కి తీస్త. నువ్వు వాన్నే తీస్కో. ఎవ్వలేం అనరు."

అందరూ నావైపు చూశారు. మెత్తగా, జాగ్రత్తగా. చాలా నెలలుగా నాకు తెలిసిన చూపు అది. అతను ఆ ఎంపికలు వెనక్కి తీస్తే లీగ్‌లోకెల్లా మంచి ఆటగాడు మా జట్టులో ఉంటాడు. వాళ్లు మొదట అనుకున్న దండ కూడా నా మెడలో పడుతుంది. ఇకమీదట ఎవరూ నన్ను ఓడించడానికి గట్టిగా ప్రయత్నించరు.

"వద్దన్నా" అన్నాను.

"నీ కోసమే గదా వదినా."

"నా కోసమైతే నాకు చెప్పాల్సింది."

"చెప్తే తీస్కుందువా?"

ఆలోచించి చూశాను. "తీసుకోను."

"మరి!" అన్నాడు రెండు చేతులూ చాపి.

"నేను ఎంచుకున్నోడు నాకు సాలు. ఆయనకొచ్చినోడు ఆయనకే ఉండనీ" అన్నాను. కడప తమ్ముడు దాన్ని హిందీలో చెప్పాడు. ఫిలిప్పీన్స్ ఆయన కూర్చున్నాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు, ఎవరైనా లాక్కుంటారేమోనన్నట్టు.

"చెల్లెమ్మగారు వద్దంటే నాకివ్వండి" అన్నాడు గోదావరి అన్నగారు. "న్యాయం మాట్లాడుకుందాం. నేను వదిలింది ఆవిడ కోసమండీ, ఈయన కోసం కాదు కదా."

"నో నో" అన్నాడు ఫిలిప్పీన్స్ ఆయన. ఈ మాట మాత్రం అతనికి తెలుగులోనే అర్థమైంది. "మేడమ్, ఓకే. యూ, నో."

మళ్లీ మొదలైంది. ఈసారి ఎవరూ నన్ను చూసి ఆగలేదు. చట్నీ గిన్నె పక్కనుంచి రాజంపేట ఆయన, "ఏందబ్బా ఆ గలాటా? నా వంతొచ్చిందా లేదా?" అని అరుస్తున్నాడు. పదిన్నరకు రెండు నిమిషాలుందని ఇల్లాలు వంటింట్లోంచి చెప్పింది. ఆయన ఎవరినో ఒకరిని నొక్కేశాడు. రాహుకాలం మొదలైంది.

మధ్యలో బగారన్నం పెట్టారు. గోదావరి అన్నగారు కంచం పట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. రెండు ముద్దలు తిన్నాడు. తర్వాత మా అమ్మాయి చదువు గురించి అడిగాడు. అబూ హలీఫాలో లిఫ్టు బాగుచేశారా అని అడిగాడు. మా ఆయన ఎప్పుడూ రెండో విడతలోనే మంచివాళ్లను పట్టేవారని చెప్పాడు. అది నాకు తెలియదు. ఆయన చెప్పగా విన్నాను.

"మరి మీరు రెండో విడతకి ఎవరినన్నా అనుకున్నారా, చెల్లెమ్మగారూ?" అన్నాడు పెరుగు కలుపుకుంటూ.

చెప్పాను. చిన్న కాలేజీ నుంచి వచ్చినవాడు, ఎవరి పట్టికలోనూ పైన లేడు, కిందటేడు ఒక్క ఆట కూడా మానలేదు. ఆయన తల ఊపాడు. మంచి ఆలోచనేనన్నాడు.

పన్నెండు దాటాక రెండో విడత మొదలైంది. మొదటి వంతు మళ్లీ ఆయనదే. ఈసారి కళ్లజోడు తుడుచుకోలేదు. జాబితా కిందికి జరుపుకుంటూ వెళ్లి, వెళ్లి, నేను చెప్పినవాణ్ణి నొక్కాడు.

"అన్నా!" అన్నాను.

"ఏవండీ" అన్నాడు తెరవైపు చూస్తూ.

"అన్నం తింటా అడిగితే చెప్పినా మీకు."

"చెప్పారండి. పొద్దున మేం చెప్పకుండా ఉంటే అలా అయింది. ఇప్పుడు మీరు చెప్తే ఇలా అయింది. మొహమాటాలు ఖలాస్ అండి."

కడప తమ్ముడు సోఫా మీద నుంచి జారిపోయేంతగా నవ్వాడు. "పెద్దాయన్ని నమ్మితివా అక్కా? అకౌంట్స్‌లో ఎవురన్నా నమ్ముతారా?"

నాకు నిజంగా మండింది. కడుపులో బగారన్నంతో సహా మండింది. వారం రోజులు చదివి కనిపెట్టినవాడు.

తమ్ముడు ఎంచుకున్నాడు. జగిత్యాల అన్న ఎంచుకున్నాడు. ఈసారి పలకగలిగే పేరే తీసుకున్నాడు. అప్పుడు నావైపు తిరిగి, "వదినా, నీ వంతు. జల్దీ చెయ్. యల్లా" అన్నాడు.

"ఆగన్నా" అన్నాను. "ఐదు నిమిషాలుంది నాకు."